మామిడి కాటాతో బ్రేకు తూకం

మా బావమరిదికి 1998 బుల్లెట్ మోటార్‌సైకిల్ ఉంది. నాకు మా నాయన విడిచిపోయిన 1968 జావా ఉంది. పండగనాడు భోంచేసి వక్కాకు వేసుకునే వేళకు మా ఇంట్లో ఏ తగువు మొదలవుతుందో చెప్పడానికి ఈ రెండు ముక్కలు చాలు.

"బావా, నీ బండి ఈరోజు నిలవాలంటే నిన్ననే బ్రేకు పట్టుకోవల్ల" అంటాడు వాడు.

"నీది నిలుస్తుంది లేరా, గోడ అడ్డమొస్తే" అంటాను నేను.

ఇరవై ఏండ్లు ఇట్లాగే గడిచింది. మొన్న ఆగస్టులో తోతాపురి సీజన్ అయిపోయి, మండీలో కొక్కెం కాటాలు ఊరికే వేలాడుతుంటే చూసి, ఈ తగువును తూకం మీద తేలుద్దామనిపించింది. నేను బంగారుపాళ్యంలో మామిడి కాటా పట్టే మనిషిని. గంపను చేత్తో ఎత్తి "ఇరవై కిలోలుంటుంది" అనేవాణ్ని నేను నమ్మను. అట్లాంటిది బ్రేకు బలం మాత్రం నలభై ఏండ్లుగా చేత్తోనే తూచి మాట్లాడుతున్నాను గదా అని కాస్త సిగ్గు కూడా వేసింది.

చెయ్యి ఎందుకు మోసం చేస్తుందంటే, చేత్తో పట్టే ముందు బ్రేకు లివర్ గట్టిగా తగిలితే బ్రేకు బలమైందని అనుకుంటాం. నిజానికి లివర్ ఇరుసుకూ కేబుల్ ముడి కూర్చునే గుంటకూ మధ్య దూరం ఎక్కువున్న బండిలో కూడా లివర్ రాయిలాగే ఉంటుంది. అక్కడ కేబుల్ ఎక్కువ దూరం కదులుతుంది, కానీ తక్కువ బలంతో లాగుతుంది. మెత్తగా వచ్చే లివర్ వెనకాల మంచి బ్రేకు ఉండొచ్చు, సాగిపోయిన కేబుల్ కూడా ఉండొచ్చు. వేళ్ళకు ఆ తేడా తెలియదు.

అందుకని మేం పెట్టుకున్న పద్ధతి ఇది. అన్ని బండ్ల లివర్ మీదా ఒకే బరువు వేలాడదీయాలి. దానికి టైరు దగ్గర ఎన్ని కిలోల పట్టు వచ్చిందో కాటాలో చూడాలి. ఆ పట్టును బండి, మనిషి కలిపిన బరువుతో భాగించాలి. కడపటి అంకె ఏ బండిది పెద్దదైతే ఆ బండిది మంచి బ్రేకు.

తూకానికి ముందు, చక్రం మధ్యలో ఉండే బ్రేకు డ్రమ్ లోపల ఏం జరుగుతుందో రొంత తెలిసుండాలి, లేకపోతే వచ్చిన అంకె ఎందుకొచ్చిందో అర్థం కాదు. తలుపు కింద చెక్కముక్క ఇరికించి చూడండి. తలుపును ఒక వైపు తోస్తే చెక్క ఇంకా బిగుసుకుంటుంది, రెండో వైపు లాగితే వదులైపోతుంది. బ్రేకు షూ, అంటే డ్రమ్ లోపలి గోడకు ఒరుసుకునే వంపు ముక్క, కూడా అంతే. దాని ఒక కొస ఇరుసు మీద ఉంటుంది, రెండో కొసను కేబుల్ లాగినప్పుడు తిరిగే క్యామ్ బయటికి తోస్తుంది. క్యామ్ తోసే కొస నుంచి ఇరుసు కొస వైపుకు డ్రమ్ తిరుగుతుంటే, డ్రమ్మే ఆ షూను తనలోకి లాక్కుంటుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు. ఎదురు దిక్కున ఉన్న షూను డ్రమ్ నెట్టేస్తుంది, అది ట్రెయిలింగ్. మామూలు డ్రమ్‌లో ఇదొకటి, అదొకటి ఉంటాయి. పనిలో ఎక్కువ భాగం లీడింగ్ షూదే. నా జావాలోనూ, మా చిన్నోడి యమహా ఆర్ఎక్స్ 100లోనూ ఉన్నది ఈ రకమే. మా బావమరిది బుల్లెట్ ముందు చక్రంలో రెండు క్యాములు, వాటిని కలిపే ఒక రాడ్, రెండూ లీడింగ్ షూలే. వాడి గర్వమంతా ఆ రాడ్ మీదే.

ఇక సైజు సంగతి. జావా డ్రమ్ 160 మిల్లీమీటర్లు. బుల్లెట్‌ది ఏడంగుళాలు, అంటే దాదాపు 178. ఆర్ఎక్స్ 100ది 130. "ఏడంగుళాలు బావా!" అని వాడు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. వాడు మరిచిపోయేదేమంటే, జావా చక్రం పదహారు అంగుళాలది, బుల్లెట్‌ది పంతొమ్మిది. చక్రం పెద్దదయ్యే కొద్దీ అదే డ్రమ్ నేల దగ్గర తక్కువ పట్టు చూపిస్తుంది. టైరు మందంతో కలిపి లెక్కేస్తే డ్రమ్‌కూ చక్రానికీ ఉన్న నిష్పత్తి రెండు బండ్లకూ ఇంచుమించు ఒకటే. ఆ అంగుళం గొప్ప అక్కడికక్కడే చెల్లిపోయింది. షూ వెడల్పు ఎక్కువుంటే దాని మీద అతికించిన లైనింగ్ పట్టీ ఎక్కువ రోజులొస్తుంది, వేడి తట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టు మాత్రం దానితో పెద్దగా పెరగదు.

కావలసిన సామాను మీ ఊళ్ళోనే దొరుకుతుంది. 200 కిలోల దాకా తూచే కొక్కెం కాటా ఒకటి, పది కిలోల పడికట్టు రాళ్ళు రెండు, బావి గిలక ఒకటి, నూలుతాడు, సుద్దముక్క, ఇంజిన్ కింద పెట్టడానికి చెక్కదిమ్మె, వెనక సీటు మీద కూర్చోవడానికి ఒళ్ళున్న మనిషి. మా వాళ్ళలో దీనికి కొదవ లేదు.

బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద దిమ్మె పెట్టి, ముందు చక్రం గాల్లో తేలేట్టు చెయ్యండి. చక్రం చేత్తో తిప్పితే అడ్డం లేకుండా తిరగాలి. లివర్ కొస గుండు నుంచి ఒక అంగుళం లోపలికి సుద్దతో గీత పెట్టండి. తాడు ఎప్పుడూ అక్కడే కట్టాలి. గీత అర అంగుళం జరిగినా అంకె మారిపోతుంది, మేం మొదటి పూట ఆ తప్పే చేసినాం. ఆ తాడును గ్రిప్ పైన ఒకటి, కింద ఒకటి రెండు పాయలుగా వెనక్కి తీసి, బండి వెనక చెట్టుకు కట్టిన గిలక మీదుగా కిందికి వదిలి పది కిలోల రాయి వేలాడదీయండి. మీ చెయ్యి ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పట్టుకుంటుంది. రాయికి ఆ గుణం లేదు.

ఇంకో తాడును రిమ్ముకు కట్టి, టైరు మీదుగా అర చుట్టు చుట్టి, చక్రం ముందు వైపు నుంచి కిందికి వేలాడనివ్వండి. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ముందు భాగం కిందికి దిగుతుంది గదా, అదే దిక్కున లాగాలి. తాడు కొసకు కాటా కొక్కెం తగిలించి, కాటా కింద ఒక కర్ర దూర్చి, మెల్లగా కిందికి ఒత్తండి. మొదట్లో నేను తాడును పైనుంచి ముందుకు లాగినాను. సెంటర్ స్టాండ్ మడుచుకుని బండి నా మీదికే వచ్చింది. మీరు అట్లా చెయ్యొద్దు. కిందికి లాగితే మన బరువే మనకు సాయం. వెనక సీటు మీద మనిషి కూర్చుంటే ముందు భాగం వాలిపోదు.

చక్రం కదిలే మొదటి క్షణంలో కాటా ఒక పెద్ద అంకె చూపిస్తుంది, దాన్ని వదిలెయ్యండి. చక్రం మెల్లగా జారుతున్నప్పుడు నిలకడగా ఉండే అంకెను రాసుకోండి. ఐదుసార్లు లాగి, మొదటిది కొట్టేసి, మిగతా నాలుగింటి సగటు తీసుకోండి. మండీలో గూడా మొదటి తూకం ఎప్పుడూ తగువే.

బరువుకు మేం మామిడి లోడు తూచే ప్లాట్‌ఫాం కాటా మీద బండినీ, ఎక్కిన మనిషినీ కలిపే నిలబెట్టినాం. నేనూ జావా 212 కిలోలు. వాడూ బుల్లెట్టూ 245. మా చిన్నోడూ ఆర్ఎక్సూ 178. వాడివన్నీ ఎముకలే.

పది కిలోల రాయికి జావా 39 కిలోల పట్టు చూపించింది. ఆర్ఎక్స్ 35. బుల్లెట్... మళ్ళీ లాగినాం, మళ్ళీ లాగినాం, 34 దాటలేదు. బరువుతో భాగిస్తే ఆర్ఎక్స్‌కు 0.20, జావాకు 0.18, బుల్లెట్‌కు 0.14. అందరికన్నా చిన్న డ్రమ్ ఉన్న ఆర్ఎక్స్ పైకొచ్చింది, ఎందుకంటే అది ఆపాల్సిన బరువే తక్కువ. మా బావమరిది కాటాను అనుమానించాడు. అదే కాటాతో ఈ సంవత్సరం నాకు కాయలు అమ్మినాడు, అప్పుడు అనుమానం రాలేదు.

నవ్వుకున్నాం గానీ, రెండు లీడింగ్ షూల బ్రేకుకు ఇది రావలసిన అంకె కాదు. తూకంలో తేడా వస్తే గంప కుమ్మరించి చూడాల్సిందే. చక్రం విప్పినాం.

ఇక్కడ ఒక మాట. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్‌లోని నల్ల పొడిని నోటితో ఊదొద్దు, గాలి పైపు అసలే పెట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యండి. నలభై ఏండ్లు ఊదిన మెకానిక్కులను చూసినాను, వాళ్ళ దగ్గు కూడా విన్నాను.

బుల్లెట్ లోపల కనబడింది ఇది. ఒక లైనింగ్ మీద బేరింగ్ నుంచి కారిన గ్రీజు పట్టి, కాలి, అద్దంలా మెరుస్తోంది. డ్రమ్‌ను ఎప్పుడో లేత్‌లో పెట్టి కోయించినట్టున్నాడు, లైనింగులు అరిగినాయి, దాంతో ఖాళీ పెరిగి, కేబుల్ లాగే క్యామ్ చెయ్యి చాలా ముందుకు తిరిగిపోయింది. షూలు డ్రమ్‌కు తగిలేటప్పుడు క్యామ్ చెయ్యీ కేబులూ సరిగ్గా మూలమట్టంలో, అంటే 90 డిగ్రీల్లో, ఉంటేనే కేబుల్ బలమంతా క్యామ్‌కు చేరుతుంది. ఇక్కడ 130 దాటిపోయింది. అక్కడే పావు వంతు బలం గాలికి పోయినట్టు లెక్క. మూడోది, రెండు క్యాముల్ని కలిపే రాడ్ పొడుగు తప్పి ఒక షూ ముందుగా, ఇంకొకటి ఆలస్యంగా తగులుతోంది.

గ్రీజు తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. వేడెక్కితే గ్రీజు మళ్ళీ బయటికొస్తుంది, కాబట్టి మార్చేశాం. కొత్త షూలు వేసినంత మాత్రాన డ్రమ్‌కు అతుక్కోవు. డ్రమ్ లోపల సుద్ద పూసి, చక్రం బిగించి, బ్రేకు మెల్లగా పట్టి తిప్పి, విప్పి చూడండి. సుద్ద అంటిన చోటే షూ తగులుతోంది. మాకు మధ్యలో రెండు వేళ్ళంత మాత్రమే అంటింది. ఎత్తున్న చోట ఎమరీ పేపర్‌తో, తడి చేసి, రుద్దుతూ మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. ఒక సాయంత్రం పోతుంది. డ్రమ్ గుండ్రం తప్పితే లివర్ చేతిలో కొట్టుకుంటుంది. అప్పుడు చక్రానికి స్పోకులన్నీ బిగించి ఉండగానే లేత్‌లో కోయించండి. చక్రం మధ్యనుండే హబ్ ఒక్కటే కోయించి తర్వాత స్పోకులు బిగిస్తే, ఆ లాగుడుకు అది మళ్ళీ వంకర పోతుంది. చిత్తూరులో మా లేత్ మేస్త్రీ ఈ మాట చెప్పకుండా ఏ చక్రమూ పట్టుకోడు.

రాడ్ సరిచేయడం తేలికే. ఒక కొస పిన్ను తీసెయ్యండి. రెండు క్యామ్ చేతుల్నీ చెరొక చేత్తో తిప్పి, రెండు షూలూ డ్రమ్‌కు తాకే దాకా తెండి. అక్కడే పట్టుకుని, పిన్ను అవస్థ పడకుండా దూరేట్టు రాడ్ పొడుగు తిప్పి, లాక్‌నట్ బిగించండి. చివరగా ఇరుసు నట్టు వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, అప్పుడు నట్టు బిగిస్తే షూలను మోసే ప్లేటు డ్రమ్ మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఈ చివరి పని నిమిషం కూడా పట్టదు, ఏ బండికైనా చెయ్యండి.

మళ్ళీ తూచినాం. 58. బరువుతో భాగిస్తే 0.24. మా బావమరిది ముఖం చూడాల్సింది. నేను చూడలేదు, కాటా వైపే చూస్తూ నిలబడినాను.

ఒక విచిత్రం చెప్పాలి. రాడ్ తప్పితే బ్రేకు సగమవుతుందని మెకానిక్కులంతా అంటారు. నేను కావాలనే, మిగతా అన్నీ బాగున్నాక, రాడ్‌ను రెండు చుట్లు తప్పించి తూచి చూసినాను. పెద్దగా తగ్గలేదు. ఆలోచిస్తే సబబే. ఒక షూ తాకకపోతే కేబుల్ బలమంతా రెండో షూ మీదే పడుతుంది, మొత్తం ఎక్కడికీ పోదు. నష్టం వేరే చోట ఉంది. వేడంతా ఆ ఒక్క షూకే ఎక్కుతుంది, అదొక్కటే అరుగుతుంది. అది చల్లటి తూకంలో కనబడదు, ఘాట్‌లో కనబడుతుంది.

ఇంకొక తూకం వెనక్కి. తాడు చుట్టు మార్చి, చక్రం వెనక వైపు నుంచి కిందికి లాగండి. జావా ముందుకు 39, వెనక్కి 36, అంటే దాదాపు సమానం. లీడింగ్, ట్రెయిలింగ్ స్థానాలు మార్చుకుంటాయి, అంతే. బుల్లెట్ ముందుకు 58 అయితే వెనక్కి 22. రెండు షూలూ ఒకేసారి ట్రెయిలింగ్ అయిపోతాయి. ఎత్తు రోడ్డు మీద బుల్లెట్‌ను ముందు బ్రేకు పట్టి నిలబెడితే ఎందుకు వెనక్కి జారుతుందో నాకు అప్పుడు తెలిసింది. మా చెల్లెలు వెనక కూర్చున్నప్పుడల్లా వాడు కాళ్ళు నేలకు తన్నిపట్టి "టైరు నున్నగైపోయింది" అని చెప్పేవాడు. ఎత్తులో నిలపాలంటే ఆ బండికి వెనక బ్రేకే దిక్కు.

రాయి బరువు పెంచి కూడా చూడండి. జావాకు పది కిలోలకు 39 వచ్చింది కాబట్టి ఇరవైకి 78 రావాలి. 74 వచ్చింది. ఆ నాలుగు కిలోలూ కేబుల్ పైతొడుగు నొక్కుకుని, ప్లేటు వంగి, క్యామ్ చెయ్యి కోణం మారడంలో పోయి ఉండొచ్చు. తేడా దీనికన్నా బాగా ఎక్కువుంటే ముందు కేబుల్ మార్చండి, అదే అన్నిటికన్నా చవక. ఆర్ఎక్స్ ఇరవైకి 68 చూపించింది. బుల్లెట్‌ది 112, దాన్ని లాగడానికి ఇద్దరం కర్రకు వేలాడాల్సి వచ్చింది.

ఇంత వరకూ చల్లటి లెక్క. వేడి లెక్క వేరు. డ్రమ్ వేడెక్కితే ఇనుము సాగి షూల నుంచి దూరంగా జరుగుతుంది, లివర్ ఇంకా లోపలికి వస్తుంది. లైనింగ్ వేడెక్కితే రాపిడే తగ్గిపోతుంది. నేను పాతికేండ్ల వయసులో పలమనేరు నుంచి జావా మీద రెండు గంపల కాయలతో మొగిలి ఘాట్ దిగుతూ ఈ పాఠం నేర్చుకున్నాను. ముందు ఒక లారీ, వెనక ఒక లారీ, లివర్ గ్రిప్‌కు తాకేసింది, బండి మాత్రం ఆగడం లేదు. రెండు బ్రేకులూ పట్టి, రెండో గేరుకు దించి, ఆఖరుకు రోడ్డు పక్క మట్టిలోకి పోనిచ్చినాను. కాయలు పోయినాయి, నేను మిగిలినాను. ఆ సాయంత్రం మొగిలీశ్వరుడి గుడి ముందు కొట్టిన టెంకాయ బాకీ ఇంకా ఏటా తీరుస్తున్నాను.

అందుకని వేడి పరీక్షను ఘాట్‌లో చెయ్యొద్దు. ఖాళీగా ఉండే నేరు రోడ్డు మీద 50 నుంచి 20కి, ముందు బ్రేకు ఒక్కదానితో, గుక్క తిప్పుకోకుండా పదిసార్లు తగ్గించండి. వెంటనే దిమ్మె మీదికి ఎక్కించి కాటా తగిలించండి. జావా 39 నుంచి 29కి పడింది. బుల్లెట్ 58 నుంచి 47కి. రాడ్ తప్పించి ఉన్నప్పుడు ఇదే పరీక్షలో బుల్లెట్ 36కి దిగిపోయింది, ఒక్క షూ వాసన మండీ దాకా వచ్చింది. హబ్ మీద చెయ్యి పెట్టి చూడబోకండి, మా చిన్నోడు పెట్టినాడు.

ఘాట్ దిగేటప్పుడు బుల్లెట్‌కు వేగం తగ్గించడంలో ఇంజిన్ సాయం ఉంటుంది. జావా, ఆర్ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండ్లకు ఆ సాయం చాలా తక్కువ, భారమంతా బ్రేకే మొయ్యాలి. పైగా జావాలో ఆయిల్ పెట్రోలుతోనే కలిసి పోతుంది కాబట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి దిగితే ఇంజిన్‌కు ఆయిల్ కూడా అందదు. మధ్యమధ్యలో రొంత తిప్పుతూ దిగాలి. కాబట్టి టూ స్ట్రోక్ బండిని అంచనా కట్టేటప్పుడు నేను చల్లటి అంకె కన్నా వేడి అంకెనే నమ్ముతాను.

ఆఖరుది రోడ్డు. కాటా అంకె నుంచి దూరం లెక్కకట్టడానికి తేలిక దారి ఉంది. వేగాన్ని దానితోనే గుణించి, 254తో భాగించి, దాన్ని మళ్ళీ పట్టు నిష్పత్తితో భాగిస్తే మీటర్లు వస్తాయి. గంటకు 40 కిలోమీటర్లంటే 1600, 254తో భాగిస్తే 6.3. లివర్ మీద ఇరవై కిలోల రాయికి జావా నిష్పత్తి 0.35, కాబట్టి 18 మీటర్లు. ఆర్ఎక్స్ 0.38, పదహారున్నర. బుల్లెట్ 0.46, పద్నాలుగుకు కాస్త లోపల. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలవుతుందని కూడా ఈ లెక్కలోనే ఉంది.

నిజంగా ఆపి చూడటానికి రోడ్డుకు అడ్డంగా ముగ్గుపిండితో గీత వేసి, గీత మీదికి రాగానే ముందు బ్రేకు మాత్రమే పట్టాలి. హెల్మెట్ లేకుండా వద్దు, ఇసుక ఉన్న చోట అసలే వద్దు. పాత స్పీడోమీటర్‌ను నమ్మకుండా ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసుకోండి. నా జావా మీటరు 40 అంటే నిజానికి 36. ఆ నాలుగు కిలోమీటర్లతో దూరం ఐదో వంతు తగ్గిపోతుంది, ఇన్నేండ్లూ నేను గెలిచిన పందేలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కో బండికి రెండు వైపుల నుంచీ మూడేసిసార్లు చేసి సగటు తీసినాం. జావా 20 మీటర్లు, ఆర్ఎక్స్ 18, బుల్లెట్ 16. లెక్క కన్నా తలా రెండు మీటర్లు ఎక్కువ. చెయ్యి బిగుసుకోవడానికి పట్టే క్షణం, గీత చూసి పట్టుకునే ఆలస్యం అందులోనివే.

బావమరిది నాలుగు మీటర్లు గెలిచినాడు. ఆ నాలుగు మీటర్లనూ అడుగులేసి కొలిచి, అక్కడే రోడ్డు పక్కన కూర్చుని, "బావా, షూలకైన డబ్బులు నువ్వే కదా ఇచ్చింది" అన్నాడు. ఇచ్చింది నేనే. లేత్ మేస్త్రీ దగ్గర ఒక రాజ్‌దూత్ 350 ఉంది. జపాన్‌లో ముందు డిస్కుతో ఉన్న బండి ఇక్కడ డ్రమ్‌తో వచ్చింది, అదీ రెండు లీడింగ్ షూలదే. కాటా పట్టుకుని రమ్మంటే రెండు నెలలుగా ఏదో ఒక సాకు చెప్తా ఉండాడు.